మావాడు - మీవాడు

సినిమా అభిమాని అంటే చదువుకున్నవాళ్ళకి చిన్నచూపు. మా లెక్చరర్లలో కొందరికి మరీను! పెద్దలు క్షమించాలి, నేనొప్పుకోను.

నిమ్మకూరు రామారావుగారినీ, రామాపురం నాగేశ్వరరావుగారినీ కన్న గడ్డ మనది. గుడివాడ చుట్టుపక్కల అభిమానం రెండుగా చీలకపోతే ఆశ్చర్యపడాలి గాని! బందరులో మా తాతయ్య రామారావు పార్టీ, ఆయన బావమరిది నాగేశ్వరరావు పార్టీ. 1962 నాటి ‘గుండమ్మ కథ’ మాటెత్తితే ఇప్పటికీ కంచాల్లో అన్నం చల్లారిపోవలసిందే.

“మీవాడు రుబ్బురోలు తిప్పాడుగా బావా!”

“రుబ్బినా హీరో మావాడేరా!”

“ఇద్దర్నీ ఆడించింది సూర్యకాంతం. ఆవిడకి కొట్టండి జై,” అంటుంది మామ్మ.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. ఆ హీరోలిద్దరూ కలిసి ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశారు. మావాళ్ళిద్దరూ ఒకే కవర్లో డబ్బు పెట్టి ఇచ్చారట. ఎవరి వాటా ఎంతో ఈనాటికీ తేలలేదు, అదొక తగువు!

ఇవాళ పేరు దాచుకుని, ఎదుటి హీరో ఇంటి ఆడవాళ్ళని తిట్టడం హాస్యమైపోయింది. అలాంటిదొకటి నేనూ సెల్‌ఫోన్లో నలుగురికి పంపాను. నవ్వుతాడని తాతయ్యకీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, “ఇందులో వేళాకోళం ఎక్కడుందిరా?” అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు.