ఏనుగు వెల, అంకుశపు వెల

ఏనుగును కొని అంకుశము దగ్గర వెనుకాడినట్లు అని మనకొక సామెత కలదు. ఈ సామెత పుట్టిననాడు ఏనుగులు రాజులకును, జమీందారులకును మాత్రమే ఉండెడివి. కనుక సామాన్యునికి ఇది నవ్వుకొనుటకు పనికివచ్చిన మాట మాత్రమే. నేడట్లు కాదు. కొత్తగా ఉన్నప్పుడు కోటీశ్వరులకు తప్ప అందని మేటి కార్లు, పది పదునైదేండ్లు గడచునప్పటికి సామాన్య ఉద్యోగి చేతికి అందు ధరకు దిగివచ్చుచున్నవి. అమెరికా, ఐరోపాలలోనే గాక, మన ప్రాంతమునుండి బ్రతుకుతెరువుకై వెళ్లిన యువకులు ఎందరో నివసించు గల్ఫ్ దేశములలోను ఇట్టి పాత విలాస కార్ల బేరము జోరుగా సాగుచున్నది. ఏనుగు చౌకయైనది, అంకుశము చౌక కాలేదు. ఈ రెంటి నడుమనున్న అగాధమును గూర్చియే మేము ఇచ్చట నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మాట గాలిలో తేలిపోకుండుటకై ఒక కారునే ఉదాహరణగా గైకొందము. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ 2005 మొదలు 2010 వరకు ‘ఈ–60’ అను వరుసలో ఎం–5 అను సెడాను కారును నిర్మించినది. చూచుటకు అది నాలుగు తలుపుల కుటుంబపు బండి. లోపలి ఇంజను మాత్రము పది సిలిండర్లది, ఐదు లీటర్లది, 507 అశ్వశక్తులది, నిమిషమునకు ఎనిమిది వేల చుట్లకు పైగా తిరుగునది. 2005, 2006 సంవత్సరములలో వరుసగా అంతర్జాతీయ ఉత్తమ ఇంజను బహుమానమును పొందినది. అమెరికాలో ఆనాడు దాని వెల 80 వేల డాలర్లకు పైమాట. నేడు బాగుగా తిరిగిన బండి అందులో నాలుగవ వంతునకే దొరకుచున్నది. ఈ సంఖ్యను చూచిన యువకుని మనస్సు చలించుటలో వింత లేదు.

ఇక రెండవ పుట తిరుగవేయుదము. ఆ ఇంజనులో పది పిస్టనులను క్రాంకు షాఫ్టునకు కలుపు కనెక్టింగ్ రాడ్లు పది కలవు. ప్రతి రాడ్డు షాఫ్టును పట్టుకొను చోట రెండేసి అర్ధచంద్రాకారపు పలుచని బేరింగు రేకులుండును. అనగా ఇరువది చిన్న రేకులు. అధిక వేగము, రేకునకును షాఫ్టునకును నడుమ బహు స్వల్పమైన ఎడము, ఆయిలు వేడెక్కకమునుపే ఇంజనును బలముగా నడుపు అలవాటు — ఇవన్నియు కలిసి ఆ రేకులను కాలక్రమమున అరగదీయును. రేకుల వెల స్వల్పమే. కాని వానిని చేరుటకు ముందు బండి క్రింది చట్రమును దించి, ఆయిలు తొట్టిని విప్పవలెను. కనుక కూలియే వేల డాలర్లగును. సకాలమున మార్పించినవానికి అంతటితో సరి. ఉపేక్షించినవానికి ఒకనాడు రేకు అరిగి, షాఫ్టు గీరుకొనిపోయి, ఇంజనే మార్చవలసి వచ్చును. అప్పుడు ఇంజను ఖర్చు బండి వెలను మించిపోవుటయు కలదు.

ఇదొక్కటియే కాదు. గాలి ద్వారములను తెరచి మూయు యాక్చుయేటర్లు రెండు కలవు. అందలి చిన్న చక్రములరిగినచో బండి బలము కోల్పోయి కుంటుచు నడచును. వాల్వుల సమయమును సవరించు యంత్రమునకు అధిక పీడనపు పంపొకటి, దాని గొట్టములు వేరు. ఎస్.ఎం.జి. అను ఏడు గేర్ల పెట్టెలో క్లచ్ పెడల్ లేదు. ఆ పనిని హైడ్రాలిక్ పంపు చేయును. ఆ పంపు నిలిచినచో బండియు నిలుచును. ఒక్కమారు ఆయిలు మార్చుటకు తొమ్మిది లీటర్లకు పైగా కావలెను. అదియు 10 డబ్ల్యు–60 అను ప్రత్యేకమైన రకము. నగరములో లీటరు పెట్రోలునకు ఐదు కిలోమీటర్లు దక్కుట కష్టము. పంతొమ్మిది అంగుళముల చక్రములకు ముందొక కొలత, వెనుకొక కొలత టైర్లు.

ఇచ్చట గ్రహింపవలసిన సూత్రమొక్కటి. వయస్సుతో బండి వెల తరుగును. కాని దాని విడిభాగముల వెల తరుగదు. పంపు తయారుచేయువానికి, దానిని బిగించు మెకానిక్కునకు, ఆ బండి ఎంతకు కొన్నదను ప్రసక్తి లేదు. పాత బండిని ఇరువది వేలకు కొన్నవాడు ఎనుబది వేల బండినే పోషింపవలసి యుండును.

మరి చౌకగా వచ్చిన బండి నిజముగా చౌకయేనా? ఈ ప్రశ్నకు అర్థశాస్త్రము చక్కని సమాధానము చెప్పినది. 1970లో జార్జి ఏకర్లాఫ్ అను అమెరికా ఆర్థికవేత్త ‘ది మార్కెట్ ఫర్ లెమన్స్’ అను వ్యాసమును ప్రచురించెను. పనికిమాలిన కారును అమెరికా జనులు నిమ్మకాయ అందురు. అమ్మువానికి బండి గుణము తెలియును, కొనువానికి తెలియదు. కనుక కొనువాడు మంచిచెడ్డల సరాసరి ధరనే ఇవ్వజూచును. మంచి బండి గలవాడు ఆ ధరకు ఒప్పుకొనక తప్పుకొనును. చెడ్డ బండి గలవాడు సంతోషముతో అమ్ముకొనును. క్రమముగా అంగడిలో చెడ్డవే మిగులును. ఈ పరిశోధనా మార్గమునకే ఏకర్లాఫ్ గారికి 2001లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానము లభించినది. దీనిని మన ఉదాహరణకు అన్వయించి చూడుడు. నిన్ననే బేరింగులు మార్పించినవాడు రసీదు చూపి ఎక్కువ అడుగును. రేపు మార్పింపవలెనని ఎరిగినవాడు తక్కువకు ఇచ్చివేయును. అందరికన్న తక్కువ ధర చెప్పిన బండి, కాగితములు లేనప్పుడు, అందరికన్న ఖరీదైన బండి కావచ్చును. ‘మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్’ అను ఉర్దూ నానుడి ఈ సిద్ధాంతమునే ఏకర్లాఫ్ కంటె ముందుగా, కొద్దిమాటలలో చెప్పినది.

చట్టము రక్షింపదా అని కొందరు అడుగవచ్చును. బ్రిటనులో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము ప్రకారము వ్యాపారి అమ్మిన వస్తువు తృప్తికరమైన నాణ్యత గలదై యుండవలెను. కాని ఇరుగు పొరుగుల నడుమ జరుగు సొంత అమ్మకమునకు ఆ నియమము వర్తింపదు. మన దేశమున 1930 నాటి వస్తు విక్రయ చట్టపు 16వ సెక్షన్ కొన్ని మినహాయింపులతో మంచిచెడ్డల విచారణను కొనువాని మీదనే ఉంచినది. కనుక కన్ను తెరచి కొనుటయే ముఖ్యము.

ఇంతమాత్రముచేత అట్టి బండిని కొనువాడు మూర్ఖుడని తేల్చివేయు పెద్దలతో మేము ఏకీభవింపము. న్యాయముగా లెక్కింతము. కొత్తదానిని కొన్న మొదటి యజమాని తరుగుదల రూపమున 60 వేల డాలర్లు పోగొట్టుకొన్నాడు. రెండవవాడు మరమ్మతునకు పది వేలు పెట్టినను, వాని నష్టము మొదటివాని నష్టములో ఆరవ వంతే. భేదమెచ్చటనన, తరుగుదల నిశ్శబ్దముగా వచ్చును. మరమ్మతు బిల్లు రూపమున, ఒక్కసారిగా, కోరని దినమున వచ్చును. మరియు 2011లో వచ్చిన తరువాతి ఎం–5 నుండి టర్బో బిగించిన ఎనిమిది సిలిండర్ల ఇంజనే వాడుకలోనికి వచ్చినది. పది సిలిండర్ల ఆ నాదము మరల వినరాదు. మంచి యంత్రమును ప్రేమించుటయు, దానిని సజీవముగా నిలుపుటయు ఒక సంస్కారమే. షౌక్ తప్పు కాదు. లెక్కలేని షౌక్ తప్పు.

కావున మా అభిప్రాయమిది. బండి వెల, మరమ్మతు నిధి — ఈ రెండును కలిసినదే నిజమైన వెల. ఒకని చేతిలో 20 వేల డాలర్లు కలవనుకొందము. అతడు 20 వేల బండిని చూడరాదు. 13 వేల బండిని చూచి, ఏడు వేలు ముట్టకుండ ఉంచవలెను. ఆ సొమ్మునకు మంచి పది సిలిండర్ల బండి దొరకనిచో, అదే ఆకారము, అదే సుఖము గల ఆరు సిలిండర్ల బండితో తృప్తిపడవలెను. నిధి ఎన్నడును అప్పు తెచ్చినది కారాదు. బండికన్న ముందు ఆ రకపు పని తెలిసిన మెకానిక్కును వెదకవలెను. చల్లని ఇంజనును స్వయముగా స్టార్టు చేయించి వినవలెను. కంప్యూటరుతో దోషముల జాబితా చదివింపవలెను. ఆయిలును ప్రయోగశాలకు పంపినచో అందు కలిసిన సీసము, రాగి రేణువులు బేరింగుల గుట్టు చాలవరకు చెప్పును. కొత్తలో 1,200 మైళ్లకు జరుగవలసిన తొలి పరీక్ష మొదలు నేటివరకు సర్వీసు పుస్తకము చూడవలెను. ఇవి చేయనీయని అమ్మకపుదారునకు నమస్కరించి వెనుదిరుగవలెను. తుదకు, ఉద్యోగమునకు పోవుటకు అదొక్కటే బండి కారాదు.

ఈ మాటలు ముఖ్యముగా గల్ఫ్‌లోనున్న మన సోదరులనుద్దేశించినవి. అచ్చటి ఎండవేడిమి రబ్బరు గొట్టములను, ప్లాస్టిక్ భాగములను త్వరగా పెళుసు చేయును. ఆ బండిని తిరిగి వచ్చునప్పుడు వెంట తెచ్చుకొనుటకును వీలులేదు. మూడేండ్లు మించిన పాత కారును, ఎడమవైపు స్టీరింగు గల కారును మన దిగుమతి నిబంధనలు సాధారణముగా అనుమతింపవు. కనుక అచ్చట పెట్టినది అచ్చటనే మిగులును. ఒక్క ఇంజను బిల్లు వెనుక ఇంటివద్ద తమ్ముని ఫీజు, చెల్లెలి పెండ్లి, తండ్రి వైద్యము నిలిచియుండుట మనమెరుగని సంగతి కాదు. ఆ బిల్లు వచ్చిననాడు చెల్లించునది యువకుడొక్కడే కాదు; నెలనెలా అతని సొమ్మునకై ఎదురుచూచు ఇల్లంతయు చెల్లించును.

ఏనుగును కొనవద్దని మేము చెప్పుటలేదు. అంకుశపు వెలను, మేత వెలను, మావటి జీతమును ముందుగా ఒక కాగితముపై వ్రాసి కూడి చూడుడనియే మా మనవి. ఆ మొత్తమును చూచిన పిమ్మటను కోరిక నిలిచియున్నచో నిశ్చింతగా కొనవచ్చును. నిలువనిచో, ఆ కాగితము వెల ఒక్క పైసా. అది ఆదా చేసినది ఒక ఇంటి భారము.