గని వచ్చింది, ఇళ్లు రాలేదు



"మైనింగ్ కంపెనీ వస్తే మీ ఊళ్లే బాగుపడతాయి, మీరే అడ్డం పడుతున్నారు." కాలేజీలో, బస్సులో, టీ కొట్టు దగ్గర ఈ మాట వినీ వినీ విసిగిపోయాం. సరే, కంపెనీ వచ్చిన ఒక ఆదివాసీ ఊరి సంగతి చూద్దాం.

కెనడాలో ఒంటారియో రాష్ట్రానికి ఉత్తరాన, జేమ్స్ బే దగ్గర అట్టవాపిస్కాట్ అనే ఊరుంది. క్రీ ఆదివాసులది. ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు, చలికాలంలో నేల గడ్డకట్టాకే లారీలు పోతాయి. ఆ ఊరికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో డి బీర్స్ కంపెనీ 2008లో విక్టర్ వజ్రాల గని తెరిచింది. ఊరితో ఒప్పందం కూడా రాసుకుంది. కొంత డబ్బొచ్చింది, కొందరికి ఉద్యోగాలొచ్చాయి. కాదనం.

మూడేళ్లు దాటాక, 2011 అక్టోబరులో ఆ ఊరు ఎమర్జెన్సీ ప్రకటించింది. ఎందుకు? ఇళ్లు లేక. చలి ముంచుకొస్తుంటే కుటుంబాలు గుడారాల్లో, షెడ్లలో ఉన్నాయి.

ఇళ్లు కట్టడం కంపెనీ పని కాదు, ప్రభుత్వం పని అంటారు. ఒప్పుకుంటాం. మరి ప్రభుత్వానికి ఏమొచ్చింది? 2013-14లో ఆ గని నుంచి ఒంటారియోకి వచ్చిన రాయల్టీ 226 డాలర్లని సీబీసీ బయటపెట్టింది. లక్షలు కాదు, కోట్లు కాదు, 226! దొంగలెక్క కూడా కాదది. పెట్టుబడి ఖర్చులు ముందు మినహాయించుకోమని చట్టమే చెప్పింది. ఇళ్ల బాధ్యత కేంద్రానిది, రాయల్టీ రాష్ట్రానిది, వజ్రాలు కంపెనీవి. మరి ఊరు ఎవర్ని అడగాలి?

2013 ఫిబ్రవరిలో ఊరివాళ్లు కొందరు గనికెళ్లే మంచు దారికి అడ్డంగా నిలబడ్డారు. కంపెనీ కోర్టు ఆర్డరు తెచ్చుకుంది. 2019లో గని మూతపడింది. అదే ఏడాది కొళాయి నీళ్లు బాగోలేక ఊరు మళ్లీ ఎమర్జెన్సీ ప్రకటించింది. ఆ నీళ్లు గని వల్లే పాడయ్యాయని మేం అనట్లేదు. పదకొండేళ్లు వజ్రాలు తవ్వినా మంచినీళ్లు రాలేదంటున్నాం.

మనకి 1/70 ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవన్న 1997 సమతా తీర్పు ఉంది. పెసా ఉంది. ఇవి అభివృద్ధికి అడ్డమనేవాళ్లకు మా జవాబు ఒక్కటే: అవి మా ఇంటి తలుపులు. తలుపు పీకేసి లోపలికొచ్చేవాడు చుట్టం కాదు.

ఈసారి ఎవరైనా "కంపెనీ వస్తే" అని మొదలుపెడితే అట్టవాపిస్కాట్ పేరు చెప్పండి. ఎన్ని ఉద్యోగాలిస్తారనేది తర్వాత. రావాలా వద్దా అని ముందు గ్రామసభని అడగమనండి.

జల్, జంగల్, జమీన్ మనవే!