పసిమనస్సులకు పొలిమేర గీయవలదు

ప్రతిదినము ప్రాతఃకాలమున మన పాఠశాలలలో బాలబాలికలు బారులు తీరి నిలిచి ప్రతిజ్ఞ చేయుచున్నారు. ఆ ప్రతిజ్ఞను 1962లో మన పొరుగుననే, విశాఖపట్టణమున, ఖజానా అధికారిగా నుండిన పైడిమఱ్ఱి వేంకట సుబ్బారావుగారు తెలుగున రచించిరి. 1965 జనవరి 26 మొదలు అది దేశమంతటను వ్యాపించెను. భారతీయులందఱును తోబుట్టువులని పిల్లలచే పలికించు ఆ భావము మిక్కిలి గొప్పది. అయితే ఆ తోబుట్టువుల వరుస సరిహద్దుకడ తెగిపోవలయునా? ఈ ప్రశ్నకు మన కడలితీరపు పల్లెలు మనకంటె ముందే యుత్తరము నెఱుగును.

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరమున్నది. అయినను చేపలరేవుల కొఱతచే ఇచటి జాలరులు కూటికై గుజరాతులోని వేరావలునకు పోయి మరపడవలలో కూలికి పనిచేయుచున్నారు. 2018 నవంబరులో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు పలువురు అట్లు వేటాడుచు పాకిస్థానువారికి చిక్కి, కరాచీ చెరసాలలో ఏడాదికి పైగా మ్రగ్గిరి. ఇరువదిమంది 2020 జనవరి 6న వాఘాకడ మనవారికి అప్పగింపబడిరి. అంతకాలమును ఎచ్చెర్ల మండలపు డి. మత్స్యలేశము మొదలగు పల్లెలలో పిల్లలు తండ్రులకై యెదురుచూచిరి.

నీటిపై గీత యెచ్చటనున్నది? సర్ క్రీక్ కడ ఇరుదేశముల హద్దు నేటికిని తేలలేదు. ఆవలివారి జాలరులును ఇట్లే మనవారికి చిక్కి మన చెరసాలలలో నుండుట కలదు. 2008 నాటి ఒడంబడిక చొప్పున ప్రతిసంవత్సరము జనవరి 1, జూలై 1 తేదులలో ఉభయ ప్రభుత్వములును తమ చెరలోనున్న వారి పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. మనము మనవారి పట్టికను మాత్రమే చదువుదుము. రెండవ పట్టికలోని ప్రతి జాలరియు ఒక తల్లి బిడ్డడే, ఒక బిడ్డకు తండ్రియే గదా!

పరదేశియను మాటలోని చేదు మన జిల్లాలకు క్రొత్త గాదు. కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి మన పూర్వులు ఓడలెక్కి రంగూనునకు పోయి మూటలు మోసిరి. 1930 మే నెలలో అచటి రేవున కూలిపనుల తగవు కల్లోలమై పెక్కుమంది తెలుగు కూలీలు హతులైరి. ఆనాడు బర్మా బ్రిటిషు ఇండియాలోని భాగమే, 1937లో వేఱుపడెను. కరాచీయు 1947 వఱకు మనతో నొక్క పాలన క్రిందనే యుండెను. కదలినవి గీతలు, కడలిని నమ్ముకొన్న జాలరి బ్రదుకు మాత్రము నాడెట్లో నేడును అట్లే యున్నది.

ఇట్టి బోధ దేశభక్తిని సడలించునని కొందఱు శంకింతురు. ఆ శంక నిర్మూలమని నేననను. 2008 నవంబరులో బొంబాయిపై దాడిచేసిన ముష్కరులు మన చేపలపడవ నొకదానిని అపహరించి, అందలి జాలరులను చంపి, ఈ సముద్రముమీదనే వచ్చిరి. కావలి యుండవలసినదే. కాని సరిహద్దును కాచుట సైనికుల ధర్మము. దానిని పసిమనస్సులలో గోడగా కట్టుట గురువుల ధర్మము గాదు. ఎదుటిపక్షము మాట వినినంతమాత్రమున మన వ్యాజ్యము ఓడిపోదని న్యాయవాదవృత్తి నాకు నేర్పినది. విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు 1910లో దేశభక్తి గీతమును రచించి, దేశమును మంటిలో గాక మనుష్యులలో చూడవలయునని బోధించిరి. మనుష్యులను ప్రేమింప నేర్చిన బిడ్డ ఆ ప్రేమను వాఘాకడ ఎట్లు ఆపగలడు?

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటియే. ఏటేట ఆ రెండు తేదుల దరిదాపున వార్తాపత్రికను తరగతిలోనికి తెండు. ఇరుపక్షముల సంఖ్యలను చదివింపుడు. పటమున వేరావలును, కరాచీని చూపింపుడు. అచటను ఒక బాలుడు రేవుననిలిచి తండ్రి పడవకై చూచుచుండునని చెప్పుడు. దీనికి క్రొత్త పుస్తకము వలదు, సర్కారు ఉత్తరువు వలదు. పఠనమందిరములకు వచ్చు పెద్దలును తమ యిండ్ల పిల్లలకు ఈ మాట చెప్పవచ్చును.

మన పట్టికను చదివి కంట తడిపెట్టు బిడ్డ దేశభక్తుడే. రెండవ పట్టికను గూడ అట్లే చదువగల బిడ్డవలన ఆ దేశభక్తికి నిండుదనము వచ్చును.