రెండేండ్ల సదువు సరే.. జీతం ఎవరిస్తరు?

ఇంటర్ రిజల్ట్స్ ఒచ్చిన తెల్లారే మా అక్క ఫోన్ జేసింది. ఆమె చేతిల ఒక పాంప్లెట్ ఉన్నదట. "తమ్మీ, రెండేండ్ల కోర్సట, దవాఖానల నౌకరంట, మంచి జీతమంట. పిల్లను జేర్పియ్యాల్నా?" అని అడిగింది. మా బావ ఆటో నడుపుతడు. ఎంబీబీఎస్ ముచ్చట తీసే ఇల్లు కాదు వాళ్లది. రెండేండ్లల్ల బిడ్డ చేతికొస్తదంటే ఎవరికైనా ఆశ పుడ్తది.

పాంప్లెట్ మాట ఉత్త అబద్ధమేం గాదు. 2024 సెప్టెంబర్‌ల రాష్ట్ర సర్కారు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. స్కేలు 32,810 నుంచి 96,890 రూపాయలు. దానికి డీఎంఎల్‌టీ డిప్లొమా, పారామెడికల్ బోర్డుల రిజిస్ట్రేషన్ ఉంటే అప్లయ్ చెయ్యొచ్చు. నాలుగేండ్లు ఇంజినీరింగ్ సదివి ఖాళీగ తిరిగే పోరగాండ్లు మా గల్లిలనే ఉన్నరు. వాళ్లను జూస్తే ఇది మస్తు కొలువే.

కని ఆ స్కేలు సర్కారు కొలువుది. అది దొరికేదాకా ప్రైవేటే దిక్కు. మాకు తెలిసిన పిల్ల ఒకామె ప్రైవేటు ల్యాబ్‌ల పొద్దుగాల ఆరింటికి డ్యూటీ ఎక్కుతది. రక్తం తీసేది ఆమెనే, మిషిన్ల పెట్టేది ఆమెనే. నెలకు పదకొండు వేలు. సదువు అదే, సూది అదే. గేటు మారంగనే జీతం మూడో వంతుకు పడిపోయింది.

ఆ నోటిఫికేషన్‌లనే ఇంకో లెక్క ఉన్నది. నూటికి 80 మార్కులు పరీక్షకు, 20 సర్కారు దవాఖానల్ల కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద చేసిన సర్వీసుకు. ఏండ్లకేండ్లు తక్కువ జీతానికి చాకిరి జేసినోళ్లకు అది న్యాయమే, నేను కాదన. కని ప్రైవేటుల పదేండ్లు చేసినా ఆ పిల్లకు ఒక్క మార్కు రాదు.

నర్సుల సంగతి జూడుండ్రి. 2016ల సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం ఒక కమిటీ ఏసింది. యాభై బెడ్ల లోపు ప్రైవేటు దవాఖానల్ల గూడ నర్సుకు నెలకు 20 వేలు తగ్గొద్దని ఆ కమిటీ చెప్పింది. కేరళ నర్సులు కొట్లాడి 2018ల కనీస వేతనాల నోటిఫికేషన్ తెచ్చుకున్నరు. మీ ఊరి నర్సింగ్ హోంల పనిజేసే పిల్లను ఒక్కసారి అడుగుండ్రి, ఆమెకు నెలకు ఎంత చేతికొస్తదో.

ఇగ "సదువు తక్కువ" అనుడు గూడ తప్పే. 2021 కేంద్ర చట్టం అలైడ్ హెల్త్ డిప్లొమాకైనా కనీసం 2 వేల గంటల సదువు ఉండాలంటది. రక్తం గ్రూపు తప్పు రాస్తే మనిషి పాణమే పోతది, ఉత్తగ పెట్టలే ఆ గంటలు. మా అక్క దగ్గరున్న పాంప్లెట్ల మాత్రం అడుగున సన్న అక్షరాలల్ల "ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు గూడ కలదు" అని ఉన్నదట.

"అక్కా, బోర్డు గుర్తింపు కాయితం జూపియ్యమను, ప్రాక్టికల్స్ ఏ దవాఖానలనో అడుగు" అని చెప్పిన. మొన్న పోయొచ్చింది. ముందుగాల ఫీజు కట్టుండ్రి, కాయితం తర్వాత జూపిస్తం అన్నరట. అడ్మిషన్‌కు సోమవారం ఆఖరట. మేనకోడలు అప్పటికే బ్యాగు కొనుక్కున్నది.