అడవి చదువు ఖరీదు

మొన్న రఘునాథపల్లిలో తెలిసిన రైతొకాయన కొడుకు చదువు గురించి అడిగాడు. "ఫారెస్ట్రీ అంటే చెట్లు పెట్టుడే గద సారూ, దానికి నాలుగేండ్లెందుకు?"

ములుగు కాలేజీ అనగానే ఆయన మేడారం దారిలోని ములుగే అనుకున్నాడు. ఈ అటవీ కళాశాల ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో. 2016లో ఆరంభమై, 2019లో అక్కడి సొంత ప్రాంగణానికి చేరింది.

చెట్లు పెట్టడం ఒక్కటే అయితే నాలుగేళ్ళు అక్కరలేదు. నేల, విత్తనం, చీడపీడలు, వన్యప్రాణులు, 2006 అటవీ హక్కుల చట్టం ఇవన్నీ తెలిసినవాడే అడవిని కాపాడగలడు.

ఫీజును, హాస్టలు ఖర్చును కాగితం మీద లెక్క వేయవచ్చు. అసలు ఖరీదు పట్టా చేతికి వచ్చాక తెలుస్తుంది. భారత అటవీ సర్వీసు పరీక్షకు ఇంజనీరింగు చదివినవారూ, గణితం, భౌతికశాస్త్రం డిగ్రీలున్నవారూ అర్హులే. ఇంజనీరుకు అది పది దారుల్లో ఒకటి. అడవి చదువు చదివినవానికి ఉన్నవే కొద్ది దారులు. ఆ పోటీని నేను తప్పుపట్టను. కాని కళాశాల తెరిచిన ప్రభుత్వమే అటవీశాఖ ఖాళీలకు క్రమం తప్పక ప్రకటనలు ఇవ్వకపోతే, ఆ ఎదురుచూపుల ఖర్చంతా పేద ఇంటి మీదనే పడుతుంది. ఉపకారవేతనం చదువున్నంతవరకే గదా!

ఇదంతా దాచకుండా చెప్పి, పిల్లవానికి ఇష్టముంటే చదివించమన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "సదువుకు నాలుగేండ్లు సరే సారూ. ఆ తర్వాత ఎన్నేండ్లు ఆగాలె?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఉండవలసింది ప్రభుత్వం దగ్గర.