మళ్లీ నిశాని పెట్టమంటున్నరు

మా అమ్మలు రాత్రిబడికి పోయింది ఒక్క సంతకం కోసం. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మా వాడలకు వచ్చినప్పుడు, పగలంతా నాట్లేసి వచ్చిన చేతులతో లాంతరు కింద పలక పట్టి పేరు దిద్దిండ్రు. తెల్లకాగితం మీద నిశాని పెట్టిన తాతల కథ వాళ్లకు తెలుసు. ఎంత అప్పు రాసిండ్రో, ఎన్ని గుంటలు పోయినయో చదువుకోలేని తాతలు వాళ్లు. కడవెండి, పాలకుర్తి నేల మీద దొరల రాజ్యం తుపాకులతోనే కాదు, పట్వారీ చంకలోని దస్త్రంతో కూడా నడిచింది. మా ఇండ్లల్లో నిశాని అంటే పోయిన భూమి.

ఆ తల్లులే ఇప్పుడు డెబ్బై ఏండ్ల వయసులో రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడి మళ్లీ బొటనవేలు పెడుతున్నరు. మిషన్ తీసుకోదు. ఇంకో వేలు పెట్టమంటరు. కొంగుతో తుడిచి, నూనె రాసి, మళ్లీ పెట్టుడు. మానుకోట దిక్కు మిరపకాయలేరిన వేళ్లు, జనగామ దిక్కు తట్టలు మోసిన వేళ్లు, భూపాలపల్లి దిక్కు బొగ్గుల చేతులు పెట్టిన వేళ్లు. గీతలు అరిగిపోయింది పని చేసినందుకే గదా? పని చేయనోళ్ల వేళ్లే మిషన్‌కు సక్కగ కనపడుతున్నయి. డిగ్రీలు చదివిన కొడుకులం మేము పక్కన నిలబడి చూస్తున్నం. అమ్మ సంతకం పెడతనన్నా తీసుకునేటోడు లేడు.

దీని మీద మనోళ్లలోనే వాదమున్నది. మొన్న మహబూబాబాద్‌లో కూసున్నప్పుడు ఒక తమ్ముడు గట్టిగనే అడిగిండు: "అన్నా, ఏ కాగితం లేనోళ్లకు మొదటి కాగితం ఇదే. నంబరుకు కులం లేదు, ఇంటిపేరు లేదు. దేశ భద్రతకు కూడ అక్కరకొస్తదంటరు. మీరెందుకు అడ్డం మాట్లాడతరు?"

అడగాల్సిన మాటే అడిగిండు. 2016 ఆధార్ చట్టం కులం, మతం, తెగ వివరాలు సేకరించొద్దని రాసుకున్నది, అది నిజం. పట్నం పోయిన కూలోనికి సిమ్ముకు, బ్యాంకు ఖాతాకు ఆ కార్డు అక్కరకొచ్చింది, అదీ నిజం. ఇంకో నిజం కూడ చెప్తం, దాచుకునేది లేదు. ఆధార్ కంటే ముందే, 2007 ప్రాంతంలో, మన వరంగల్ జిల్లాలోనే ఉపాధి కూలికి, పింఛన్‌కు వేలిముద్రల స్మార్ట్ కార్డు మొదలైంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో పరిశోధకులు పరిశీలిస్తే కూలి తొందరగా అందింది, మధ్యల మాయమయ్యే డబ్బు తగ్గింది. అయితే అప్పుడు కార్డు లేనోళ్లకు కూలి బంద్ పెట్టలేదు. అసలు కిటుకు అక్కడున్నది. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్ రేషన్‌లో వేలిముద్ర తప్పనిసరి చేసిన పద్ధతిని పరిశీలిస్తే అవినీతి తగ్గిన జాడ లేదు. కార్డు జోడించుకోని ఇండ్లకు అందే సరుకు మాత్రం తగ్గింది. ఒకే వేలు, ఒకే మిషన్. ఒక తాన హక్కు దారి సులువు చేసింది, ఇంకో తాన తలుపుకు తాళమయింది. తాళం ఎవని చేతిలున్నదో అడుగుడే మా పని.

ఇగ భద్రత ముచ్చట. ఈ కార్డు పుట్టింది మా బియ్యం కోసం కాదు. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత, 2001లో కేంద్ర మంత్రుల బృందం దేశ భద్రత కోసం జాతీయ గుర్తింపు కార్డు కావాలన్నది. 2003లో పౌరసత్వ చట్టంలో 14ఎ సెక్షన్ చేర్చిండ్రు. 2008 నవంబర్ 26న ముంబయి మీద దాడి జరిగింది, రెండు నెలలకు, 2009 జనవరిలో, ఆధార్ సంస్థ ఏర్పడింది. భద్రత అంటే కొనేటోడు తక్కువ, బియ్యం అంటే వద్దనేటోడు లేడు. అట్ల బోర్డు మార్చిండ్రు.

ముంబయి హంతకుల జేబుల్లో కార్డులు లేకుండెనా? ఉండె. మన హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కాలేజీ పేరుతో, హిందూ పేర్లతో, దొంగ గుర్తింపు కార్డులు. చంపడానికి వచ్చేటోడు కార్డు లేక ఆగడు, ముందుగాల చేయించుకొనే వస్తడు. కార్డు లేక ఆగిపోయేది అవ్వ.

పైగా ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని చట్టంలోని 9వ సెక్షనే చెప్తున్నది. 2025లో బీహార్ ఓటర్ల జాబితా సవరణలో ఎన్నికల సంఘం మొదట ఆధార్‌ను లెక్కలోకే తీసుకోలేదు. సుప్రీంకోర్టు చెప్పినంకనే, సెప్టెంబర్‌లో, పన్నెండో పత్రంగా ఒప్పుకున్నది, అదీ గుర్తింపుకే. అప్పటికి ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు ఎగిరిపోయినయి. తిండికి తప్పనిసరి, ఓటుకు చాలదు! అస్సాంలో వెయ్యి కోట్లు దాటిన ఖర్చుతో పౌరుల జాబితా చేసిండ్రు, 2019 ఆగస్టు 31న 19 లక్షల మందిని బయట పెట్టిండ్రు. అదే ఏడాది అక్కడ ఒక మాజీ సైనికుడిని విదేశీయుడని నిర్బంధ శిబిరంలో వేసిండ్రు. కార్గిల్‌లో పనిచేసినోడని పత్రికలన్నీ రాసినయి. కార్గిల్ పేరు మీద మొదలైన కార్డు ముచ్చట కార్గిల్ సిపాయినే అడిగింది, నువ్వెవడివని.

మా భద్రత సంగతి అడగండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికినోళ్లు ముక్కూ మొఖం తెలియనోళ్లా? ఊరోళ్లే. పేర్లు తెలుసు, ఇంటిపేర్లు తెలుసు, ఏ చేను ఎవరిదో తెలుసు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అక్కడ కరువైంది గుర్తింపు కాదు.

వేలిముద్రలు తీసుకొని భద్రత కాపాడుడు ఈ దేశంలో కొత్త కాదు. 1911 నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాసి, మనుషుల వేలిముద్రలు పట్టికలకెక్కించిండ్రు. ఎరుకలోళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచిండ్రు, పాసు లేకుండ గడప దాటనియ్యలేదు. ఆ చట్టం 1952 దాకా బతికింది. దానికి కొంచెం ముందే, 1906-08లో, ట్రాన్స్‌వాల్‌లో భారతీయుల వేలిముద్రల చట్టం మీద గాంధీ లేచి పత్రాలు తగలబెట్టించిండు. గాంధీతో మా పంచాయితీ వేరే ఉన్నది గాని, పరాయి దేశంల వేలిముద్ర అవమానమైతే సొంతూర్ల ఎరుకలోని వేలిముద్ర ఎందుకు కాలేదని అడుగుతున్నం.

భూపాలపల్లి అడవి దిక్కు చూడండి. 2005లో సల్వాజుడుం నుంచి పానాలు దక్కించుకొని వచ్చిన గొత్తికోయలు అక్కడ గుడిసెలేసుకున్నరు. చాలా మందికి ఆధార్ ఉన్నది. ఎస్టీ సర్టిఫికెట్ లేదు, పోడు పట్టా లేదు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీశాఖ గుడిసెలు కూల్చినప్పుడు ఏ కార్డు అడ్డం నిలబడ్డది? లెక్కపెట్టుకోవడానికి నంబరు, వెళ్లగొట్టడానికి చట్టం.

ఖర్చు సంగతికొస్తే, ఆధార్ సంస్థ మీద 2017 నాటికే తొమ్మిది వేల కోట్లు దాటింది. ఈ లెక్కల్లో మా ఖర్చు ఎవడూ రాయడు. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మండలానికి ఆటో కిరాయి, సెంటర్ ఫీజు, ఒక రోజు కూలి. సర్వర్ లేదంటే రేపు రా అంటరు, ఇంకో కూలి. అన్నారం దర్గా మొక్కుతో మా దగ్గర ఊరికి పది మంది యాకయ్యలు, పది మంది యాకమ్మలు. ఇంగ్లీషులో ఆ పేరును ఒక్కో ఆఫీసులో ఒక్కో తీరు రాస్తరు. మా తరం పుట్టిన తేదీలు బడిలో పంతులు అందాజుగ వేసినయే. ఆ పని మేమూ చేసినం, ఒప్పుకుంటున్నం. ఇప్పుడు ఆ అందాజు తేదీ మీద పింఛన్ ఆగుతున్నది.

తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు నోటీసు లేకుండ పోయినయి. రకరకాల ఆఫీసుల వివరాలు కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ పద్ధతి ఎవరు పేదో ఎవరు కాదో తేల్చింది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడు కారు ఓనరయిండు, పేరు కలిసినందుకు. ఆ ముచ్చట 2024లో పత్రికల్లో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినంకనే ఇల్లిల్లూ తిరిగి చూడాలన్న సంగతి సర్కారుకు యాదికొచ్చింది.

తమ్ముడూ, కార్డు చింపెయ్యమని మేము అంటలేము. అవ్వ వేలు పడకపోతే రిజిస్టర్‌ల సంతకం తీసుకొని బియ్యమియ్యాలంటున్నం. పేరు కొట్టేసే ముందు నెల రోజులు పంచాయతీ గోడ మీద జాబితా అంటియ్యాలె, ఎందుకు కొట్టేస్తున్నరో తెలుగులో రాయాలె. దేశం కోసమని తీసుకున్న వేలిముద్ర పోలీసు స్టేషన్‌కు పోవద్దు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లో దుకాణం కాడికెళ్లి ఉత్త సంచితో వాపసొచ్చినోళ్ల పేర్లు రాసుకుంటున్నం. మీ ఊరోళ్లవి రాసి పంపండి. పేరు, ఏ నెల, ఎన్ని కిలోలు, డీలర్ ఏం చెప్పిండు. రాయరానోళ్లుంటే బడి పిల్లలను పిలిచి రాయించండి.