మా ఇంటి కబుర్లు: ఎముకల డాక్టరు గారబ్బాయి రగ్బీ

పోయిన ఉగాది పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ ఒక మిత్రుడు "మీవాడు ఏ మెడికల్ స్కూలండీ?" అని అడిగారు. నేను నోరు విప్పేలోగా మా ఆవిడ "రగ్బీ స్కూలండీ!" అనేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సంగతేమిటంటే, కాలేజీలో మూడో ఏడు చదువుతున్న మావాడు ఎమ్‌క్యాట్ ఒక ఏడాది వాయిదా వేసి రగ్బీలో అదృష్టం పరీక్షించుకుంటానన్నాడు. నేనేమో ఎముకల డాక్టర్ని. నెత్తిన హెల్మెట్ లేకుండా ఎనభై నిమిషాలు ఒకరి మీద ఒకరు పడే ఆట అది. మన కబడ్డీకి దూరపు చుట్టం అనుకోండి. జారిన భుజాలు, తెగిన మోకాలి లిగమెంట్లు, తలకి తగిలే దెబ్బలు! ఊళ్ళో పిల్లలకి సరిచేసేవాణ్ణి, ఇంట్లోవాణ్ణి చేతులారా పంపనా?

"అందులో బతుకు తెరువు ఎక్కడుందిరా?" అంటే, "న్గ్వెన్యా గురించి చదువు నాన్నా" అన్నాడు. చదివాను.

టకుద్జ్వా న్గ్వెన్యా 1985లో జింబాబ్వేలోని హరారేలో పుట్టాడు. మనలాగే వలస వచ్చినవాడు. వచ్చి దిగింది ఎక్కడనుకున్నారు? ఇవాళ మనవాళ్ళు వీధికొకరున్న ప్లేనో, టెక్సస్!

2007 ప్రపంచ కప్‌లో సెప్టెంబరు 30న, ఫ్రాన్సులోని మోంపెలియేలో అమెరికా దక్షిణాఫ్రికాతో ఆడింది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అవతలి గీత దాటి నేలకి తాకిస్తే దాన్ని 'ట్రై' అంటారు, 5 పాయింట్లు. అమెరికా వాళ్ళకి తమ వైపు చిక్కిన బంతి చేతులు మారుతూ కుడి అంచున ఉన్న ఇతనికి చేరింది. ఎదురుగా బ్రయన్ హబానా, పరుగులో పేరుమోసినవాడు. మన ప్లేనో కుర్రాడు ఒక్క క్షణం నెమ్మదించి, అంచు వెంబడి దూసుకుపోయాడు. హబానా అందుకోలేకపోయాడు. ఆ రోజు అమెరికా 64-15 తేడాతో చిత్తుగా ఓడింది. అయినా ఆ ఏటి మేటి ట్రైగా అంతర్జాతీయ బహుమతి దానికే వచ్చింది.

మరి జీతం మాట? రగ్బీ యూనియన్‌లో ఆటగాళ్ళకి బాహాటంగా డబ్బివ్వడం 1995 ఆగస్టులో గాని మొదలవలేదు. 2007 నాటికి అమెరికాలో వృత్తి లీగే లేదు. అందుకని అతను ఫ్రాన్సులో బియారిట్జ్ క్లబ్బుకి వెళ్ళాడు. అంటే రెండో వలస! 2010లో ఆ జట్టు యూరప్ హైనెకెన్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, తులూజ్ చేతిలో 21-19తో ఓడింది. ఇక్కడ మేజర్ లీగ్ రగ్బీ 2018లో మొదలైనప్పుడు శాన్ డియేగోకి ఆడాడు. అప్పటికి ముప్ఫై దాటాయి. ఆ వయసుకి మా వృత్తిలో రెసిడెన్సీ ముగించి సంపాదన మొదలుపెడతాం. వాళ్ళ వృత్తిలో మూటాముల్లె సర్దుకుంటారు.

మావాడికి ఈ లెక్కంతా చెప్పాను. వాడు విని, "నువ్వు ఇండియాలో విమానం ఎక్కినప్పుడు ఏ లెక్క చూసుకున్నావు నాన్నా?" అన్నాడు. జవాబు దొరకలేదు. చివరికి రెండు షరతులు పెట్టాను. డిగ్రీ మధ్యలో వదలకూడదు. తలకి దెబ్బ తగిలితే కోచ్‌కీ నాకూ దాచకూడదు. సరేనన్నాడు.

కిందటి నెల మొదటిసారి వాడి ఆట చూడ్డానికి వెళ్ళాం. మా ఆవిడ కళ్ళు మూసుకునే కూచుంది. ఆట అయ్యాక వాడు భుజానికి ఐసు కట్టుకుని, నవ్వుతూ వచ్చి "ఎలా ఆడాను?" అని అడిగాడు.

"ఏమోరా, నేను ఆట చూళ్ళేదు. నీ భుజమే చూశాను" అన్నాను.

వచ్చే వారం మళ్ళీ ఆట ఉంది. ఈసారి ఆట కూడా చూడాలని గట్టిగా అనుకుంటున్నాను.